నాలుగు రంగుల కబడ్డీ

ఒకే మనిషి ఒకే గడియల రెండు జాగల కనిపిస్తే దాన్ని మహిమ అంటరు. నేను ఏకంగ ఏడుగురిని అట్ల నిలబెట్టబోయిన. అది గూడ నాలుగు రంగులల్ల, హెడ్మాస్టరు సంతకంతోని, బడి వరండాల మేకు కొట్టి వేలాడదీసి మరీ. తర్వాత నా గతి ఏమైందో చెప్తే మీరు నవ్వుతరు. నవ్వుండ్రి. అప్పుడు మందమర్రి మొత్తం నవ్వింది, మీరొక్కరు ఊకుంటె బాగుండదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేండ్లయిన కాలం. నేను హైదరాబాదుల బీయెస్సీ పాసై, మందమర్రిల ఒక హైస్కూల్ల లెక్కల సారుగ చేరి ఆరు నెలలైతుండె. నౌకరి ఇంక పక్కా కాలే. వయసు ఇరవై మూడు. బరువు నలభై ఆరు కిలోలు, అది గూడ కండ్లద్దాలు పెట్టుకొని తూగితె. తెలివి మాత్రం ఒక క్వింటాలు ఉంటదని నా సొంత అంచనా.

మా హెడ్మాస్టరు నరహరి సారుకు జీవితంల ఒక్కటే కోరిక: బడికి రెండు కొత్త గదులు. ఆరో తరగతి రేకుల షెడ్డుల కూసునేది. మార్చి వచ్చిందంటె ఆ షెడ్డుల పిల్లలు పాఠం వినరు, ఉడుకుతరు. అర్జీలు పెట్టి పెట్టి సారు చేతికి కాయ కాసింది. ఆఖరికి ఆయనకొక ఉపాయం తట్టింది. బడి మైదానంల కబడ్డీ పోటీలు పెట్టాలె. ఆఖరి రోజు బహుమతులియ్యడానికి జిల్లా ఆఫీసరును పిలువాలె. ఆయన సంతోషంగ ఉన్నప్పుడు మెల్లగ గదుల ముచ్చట తియ్యాలె.

అయిదు ఊర్ల టీములు ఒప్పుకున్నయి. మందమర్రి బొగ్గుబాయి కార్మికులు, మంథని, బాసర, జగిత్యాల, నిర్మల్. ప్రతి టీము మిగిలిన నాలుగింటితోని ఒక్కొక్కసారి ఆడాలె. ఎండకు భయపడి ఆటలన్ని సాయంత్రం నాలుగు గంటలకే. మైదానంల రెండు బరులు గీసినం. ఒక టీముకు రోజుకు ఒక్క ఆటే. ఈ చివరిది మా డ్రిల్లు సారు ఎల్లయ్య పెట్టిన షరతు.

"కూత పెట్టుడంటె పద్యం చదువుడు గాదు సార్. రోజుకు రెండాటలాడితె రొమ్ము పగుల్తది" అన్నడు ఆయన, స్టాఫ్ మీటింగుల.

"మంచిదే. మరి మొత్తం ఎన్ని రోజులు పడుతయి?" అనడిగిండు హెడ్మాస్టరు.

"అయిదు."

"ఎందుకు అయిదు?"

ఎల్లయ్య సారు మీసం సవరించుకున్నడు. "ఎందుకో నాకు తెల్వది. గని అయిదు టీములుంటె ఎప్పుడైన అయిదు రోజులే పడ్డయి."

ఇగో, గిక్కడ నేను నోరు మూసుకొని ఉంటె గీ కథే లేకపోవు. గని నా లోపలి క్వింటాలు తెలివి లేచి నిలబడ్డది.

"ఎందుకో తెల్వకుంటె అది లెక్క గాదు ఎల్లయ్య సార్, అలవాటు" అన్న. "ఒక్కొక్క టీముకు ఆటలెన్ని? నాలుగు. రోజుకు ఒకటి. నాలుగు ఆటలకు నాలుగు రోజులు. అయిదో రోజు ఎందుకు, మైదానం ఊడ్వనీకా?"

అందరు నవ్విన్రు. ఎల్లయ్య సారు నవ్వలే. నా దిక్కు చూసి, "జర కాయితం మీద రాసి చూపియ్యి సారు" అన్నడు.

"రాసుడెందుకు, రంగులేసి చూపిస్త!"

కాలేజిల మా ప్రొఫెసరొకాయన చుక్కలూ గీతల గణితం గురించి ఒక గంట పాఠం చెప్పిండు. ఆ గంటల సగం సేపు నేను కునుకు తీసిన. ఆ మిగిలిన సగంతోనే గీ కొంప ముంచిన. నల్లబల్ల మీద అయిదు ఊర్లకు అయిదు చుక్కలు పెట్టిన. ఆటకొక గీత. అయిదు చుక్కలను ఒకదానితోని ఒకటి కలిపితె పది గీతలైనయి.

"రోజుకొక రంగు" అన్న. "సోమవారం ఎరుపు, మంగళవారం నీలం, బుధవారం ఆకుపచ్చ, గురువారం పసుపు. నియమం ఒక్కటే. ఒక చుక్క కాడ ఒకే రంగు గీతలు రెండు కలువొద్దు. కలిస్తె ఆ టీము ఆ రోజు రెండాటలు ఆడాలన్నట్టు. ఒక్కొక్క చుక్క కాడికి నాలుగు గీతలే వస్తున్నయి గదా, నాలుగు రంగులు సరిపోతయి. ఇంటికి పోయి రంగులేసి తెస్త."

హెడ్మాస్టరు కండ్లల్ల నీళ్లొక్కటే తక్కువ. "చూసిన్రా, చదువంటె గిదీ!" అని, అప్పటికప్పుడే ఆఫీసరుకు జాబు రాసిండు, గురువారం సాయంత్రం రమ్మని. మంచిర్యాల పోయి కరపత్రాలు అచ్చేయించిండు: 'సోమవారం మొదలు గురువారం వరకు, నాలుగు రోజులు.' నాలుగు అనే మాట ఎర్ర సిరాతోని, చేతివేలంత లావు అక్షరాలల్ల.

రంగులేసుడు మాత్రం ఇంక కాలే. అదెంతసేపు పని అనుకున్న.

కిరాయి గదిల కూసుని మొదలుపెట్టిన. రెండు గీతలకు ఎరుపు, రెండింటికి నీలం, రెండింటికి ఆకుపచ్చ, రెండింటికి పసుపు. ఎనిమిది అయినయి. రెండు మిగిలినయి. ఏ రంగేసినా ఏదో ఒక చుక్క కాడ అదే రంగు ఇంకోటి ఉన్నది. రబ్బరుతోని తుడిచి మళ్ల మొదలుపెట్టిన. మళ్ల రెండు మిగిలినయి. చుక్కల జాగలు మార్చిన. బాసరను పైకి తెచ్చిన, మంథనిని కిందికి దించిన. రెండే. కాయితం తిప్పి, తలకిందులుగ పెట్టి చూసిన. తలకిందులుగ గూడ రెండే! ఆ రెండు గీతలు ఆడపిల్ల పెండ్లిల అలిగిన మేనమామల తీరు, ఎంత బతిలాడినా పందిట్లకు రావు.

మూడు రోజులు, ఆరు కాయితాలు, ఒక కొత్త రబ్బరు అయినయి. ఆరో కాయితానికి మంథని కాడ బొక్క పడ్డది.

నిజం చెప్తున్న, నా లెక్క తప్పేమోనన్న అనుమానం నాకు ఒక్కసారి గూడ రాలే. నాకు రంగులేసుడు సరిగ రాదేమో అనుకున్న, అంతే! ఆదివారం పొద్దుగాల టీములు దిగుతయనంగ, నేనొక పని చేసిన. ఆ మిగిలిన రెండు గీతలకు గూడ పసుపేసిన. కొంచెం లేత పసుపు. ఎవరికి కనిపిస్తది తియ్, గురువారం దాక ఏదో ఒకటి తట్టకపోతదా అని. కిందనే రోజువారీ పట్టిక అందంగ రాసి, హెడ్మాస్టరు సంతకం తీసుకొని, వరండాల వేలాడదీసిన.

పట్టిక ముందట మంది గుమిగూడిన్రు. "ఏం రంగులు సార్, ముగ్గేసినట్టున్నది!" అంటున్నరు. నేను చేతులు వెనుకకు కట్టుకొని, మెచ్చుకోళ్లు అందుకుంటున్న. గప్పుడే మందమర్రి టీము కెప్టెను పోచమల్లు వచ్చిండు. బొగ్గుబాయిల పని చేసే మనిషి, దర్వాజకు తలుపు పెట్టినట్టుంటడు. పట్టికను కిందికెల్లి మీదికి చదివిండు. మీదికెల్లి కిందికి చదివిండు.

"సార్, బాంచెన్, ఒక్క మాట. గురువారం నాలుగు గంటలకు మాకు ఒకటో బరిల జగిత్యాలతోని ఆట ఉన్నది."

"ఉన్నది. అయితె?"

"గురువారం నాలుగు గంటలకే రెండో బరిల నిర్మల్‌తోని గూడ ఉన్నది."

నా లేత పసుపు దొరికిపోయింది. మొగం మాత్రం కదలనియ్యలే. "ఊఁ" అన్న.

"మేం ఏడుగురం సార్" అన్నడు పోచమల్లు, ఎంతో మర్యాదగ. "మూడున్నర మంది గీడ, మూడున్నర మంది గాడ ఆడాల్నా? ఆ సగం మనిషి ఎవరో జర మీరే చెప్పుండ్రి, నేను చెప్తె మావోళ్లు కొడ్తరు."

మంది గొల్లున నవ్విన్రు. "రాసుట్ల పొరపాటు, సరిచేస్త" అని పట్టిక గుంజుకొని ఉరికిన. ఎటు ఉరికిన్నో నాకే తెల్వదు, తేలింది మాత్రం వంటల కాడ.

టీములకు వంట చేసేది ఖాజా మియా. పెండ్లిండ్లల్ల ఇంత పెద్ద దేగులు, గిన్నెలు వండి దించే మనిషి. అందరు చాచా అంటరు. బడి వెనుక పొయ్యిలు తవ్వి, ఉల్లిగడ్డలు తరుగుతున్నడు. నన్ను చూడంగనే, "ఆ, మీకోసమే చూస్తున్న సాబ్" అన్నడు. "ఏ రోజు ఏ టీము ఖాళీగ ఉంటదో చెప్పుండ్రి."

"ఎందుకు చాచా?"

"ఆట ఉన్నోళ్లకు పగటిపూట జొన్నరొట్టె, పప్పు. పొట్ట తేలికగ ఉండాలె. ఆట లేనోళ్లకు మటన్. అందరికి ఒకటే పెడితె కూత పెట్టంగనే కక్కుతరు. గందుకు."

"ఎవ్వరు ఖాళీ ఉండరు. అందరికి రోజూ ఆట ఉన్నది. నాలుగు రోజులు, నాలుగు ఆటలు."

ఖాజా మియా కత్తిపీట ఆపిండు. నన్ను చూసిండు. నా వెనుక ఇంకెవరన్న తెలివిగల్లోళ్లు ఉన్నరేమోనని గూడ చూసిండు. తర్వాత చాయ గ్లాసులు అయిదు తెచ్చి నా ముందట వరుసగ పెట్టిండు.

"ఇవి అయిదు టీములు. జతలు కట్టుండ్రి సాబ్."

రెండు గ్లాసులు ఒక పక్కకు, రెండు గ్లాసులు ఇంకో పక్కకు జరిపిన. నడుమ ఒకటి మిగిలింది.

"గీ గ్లాసు ఎవరితోని ఆడతది? నాతోనా?"

నేను ఆ గ్లాసును ఇటు జరిపిన, అటు జరిపిన.

"రేపు ఇంకోతీరు కట్టినా ఒకటి మిగుల్తది. ఎల్లుండి గూడ ఒకటి. రోజుకొక టీము ఖాళీ కూసోవాల్సిందే గదా. కూసున్నోనికి ఆ రోజు ఆట పోయింది. మరి నాలుగే రోజులల్ల వానికి నాలుగు ఆటలు యాడికెల్లి వస్తయి? అయిదుగురూ ఒక్కొక్కరోజు కూసోవాలె. అయిదు రోజులు." ఉల్లిగడ్డ మళ్ల అందుకున్నడు. "దీనికి రంగులెందుకు సాబ్?"

కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఉల్లిగడ్డల వల్ల అని చెప్పుకున్న.

చూడుండ్రి, ఎంత సులువో! రోజుకు రెండే జతలు, నాలుగు రోజులకు ఎనిమిదే ఆటలు. ఉన్నయి పది. మిగిలిన రెండు గీతలకు సృష్టిల ఎవడు రంగేస్తడు? అయిదు చుక్కలు గూడ అక్కర్లే, మూడు చుక్కలతోని చూసినా తెలుస్తుండె. ముగ్గురుంటె ఒక్కొక్కరికి రెండాటలే, గని మూడు రోజులు పడుతయి. చుక్క కాడ ఎన్ని గీతలు కలుస్తయో అన్ని రంగులు సరిపోతయి, లేకుంటె ఇంకొక్కటి కావాలె, అంతకు మించి ఎన్నడు వద్దని పెద్ద పెద్ద గణితవేత్తలు తేల్చిన్రని చాన రోజులకు ఒక పుస్తకంల చదివిన. ఆ ఇంకొక్క రంగు కాన్నే నేను మునిగిన.

గంతల హెడ్మాస్టరు, ఎల్లయ్య సారు అక్కడికొచ్చిన్రు. పోచమల్లు ముచ్చట వాళ్లదాక పోయింది.

"ఏంది పంతులూ, సగం మనిషి అంటున్నరు?" అన్నడు నరహరి సారు. ఆయన మొగం చూస్తె నాకు నిజం చెప్పబుద్ధి కాలే. ఆఫీసరు గురువారం వస్తడు. ఆఖరి ఆట ఉండది, గెలిచినోడు ఉండడు, బహుమతి ఉండది. రెండు గదులు గాలికి పోతయి. వాటి వెనుక నా నౌకరి గూడ.

గప్పుడు, మిగిలిపోయిన ఆ ఒక్క గ్లాసును చూసుకుంట, నేను నా జీవితంల రెండో గొప్ప మాట అన్న:

"ఏం ఫికర్ లేదు సార్! రోజుకొక టీము మిగులుడే గదా ఇబ్బంది. ఇంకొక టీమును కలుపుదాం. ఆరైతె ఎవ్వరు మిగులరు. నాలుగు రోజులల్ల ఖతం!"

"ఆరో టీము యాడున్నది?"

"మనమే సార్! స్టాఫ్ టీము!"

నరహరి సారు మొగం పెట్రోమాక్సు లైటోలె వెలిగింది. "స్టాఫ్ టీము! ఆఫీసరు ముందట మన సార్లు బరిల దిగితె... వాహ్! ఎల్లయ్యా, ఏమంటవు?"

ఎల్లయ్య సారు కంటె ముందే ఖాజా మియా అన్నడు, ఆరో గ్లాసు తెచ్చి పెట్టుకుంట. "మంచిదే సాబ్. గని ఇప్పుడు ఒక్కొక్కరికి అయిదాటలు గదా. నాలుగు రోజులల్ల అయిదాటలెట్ల?"

నేను ఆరు గ్లాసులను మళ్ల జతలు కట్టి చూసిన.

"అంటె..." అన్నడు హెడ్మాస్టరు.

"అంటె అయిదున్నా అయిదు రోజులే, ఆరున్నా అయిదు రోజులే" అన్నడు ఎల్లయ్య సారు. వారం రోజుల సంది ఆయన నవ్వంగ చూసుడు గదే మొదలు. "గందుకే గీ ఆరో టీము మనకు ఉత్తగనే వస్తున్నది సార్, రోజులు పెరగయి. ఉండనియ్యుండ్రి. కొత్త పట్టిక నేను రాస్త. లెక్కల సారు మన టీముల మొదటి పేరు."

"నాకు కబడ్డీ రాదు ఎల్లయ్య సార్!"

"ఎందుకు రాదు? ఒక్కటే నియమం. ఊపిరి ఇడువొద్దు."

మైదానంల మూడో బరి గీసిన్రు. రోజుకు మూడాటలు, అయిదు రోజులు. రోజు మారిందని ఆఫీసరుకు మళ్ల జాబు రాసే ధైర్యం మాత్రం నరహరి సారుకు కాలే. స్టాఫ్ టీముకు మందమర్రితోని ఆట ఎల్లయ్య సారు ఏ రోజు పెట్టిండో చెప్పాల్నా? గురువారం. ఆఫీసరు కుర్చీకి ఎదురుంగ.

మొదటి మూడు రోజులు మేం ఓడిన ముచ్చట ఇడిచిపెడ్దాం. గురువారం మూడున్నరకు జీపు వచ్చింది. ఆఫీసరు మెడల దండ వేయంగనే కరపత్రం చదివిండు, గడియారం చూసిండు. "గంటల ఖతమైతదా? బహుమతులిచ్చి నేను చీకటి పడకముందే పోవాలె" అన్నడు.

నరహరి సారు కుర్చీ చూపించుకుంట, "ముందుగాల ఆట చూడుండ్రి సార్" అన్నడు.

నాలుగు గంటలకు బరిల దిగినం. నేను పంట్లాము మోకాళ్లదాక మడిచి, కండ్లద్దాలకు దారం కట్టుకున్న. ఎల్లయ్య సారు ఈల ఊదిండు, నా దిక్కు వేలు చూపించిండు. కూతకు పోయిన. "కబడ్డీ కబడ్డీ" అనుకుంట గీత దాటి రెండడుగులు ఏసిన్నో లేదో, బొగ్గు తట్టను ఎత్తినట్టు పోచమల్లు నన్ను నడుం పట్టి పైకి లేపిండు. కాళ్లు గాలిల ఉన్నయి.

"సార్, యాడ దించమంటరు?" అనడిగిండు మెల్లగ.

"కబడ్డీ కబడ్డీ... ఇడువు... కబడ్డీ..."

"కూత ఆపకుండ్రి సార్, ఆపితె అవుటైతరు!"

చదువుకున్నోణ్ని కాబట్టి నియమం తప్పలే. గాలిల తేలుకుంట, కబడ్డీ కబడ్డీ అనుకుంట, ఆ కొస నుంచి ఈ కొసదాక ఊరేగిన. మంది ఈలలు, చప్పట్లు. మా ఆరో తరగతి పిల్లలైతె, "సారు విమానం, సారు విమానం!" అని ఎగురుతున్నరు. ఆఖరికి ఊపిరి అయిపోయింది. పోచమల్లు నన్ను పసిపిల్లగాన్ని పండబెట్టినట్టు మన్నుల పండబెట్టి, కండ్లద్దాలు సరిచేసిండు.

లేచి చూస్తె ఆఫీసరు నవ్వి నవ్వి రుమాలుతోని కండ్లు తుడుచుకుంటున్నడు. నన్ను దగ్గరికి పిలిచిండు.

"ఎవరు మీరు?"

"లెక్కల సారును సార్."

"మంచిగ ఎగిరిన్రు. మరి ఫైనల్ ఎప్పుడు? బహుమతులు?"

నరహరి సారు, "ముందుగాల చాయ తాగుండ్రి సార్" అని గ్లాసులు ముందటికి జరిపిండు. ఆయన తిప్పలు చూసినంక నాకు ఇగ దాచబుద్ధి కాలే. ఒళ్లంత మన్ను, ఇంక పొయ్యే పరువేమున్నది?

"తప్పు నాది సార్" అన్న. "నాలుగు రోజులని నేనే చెప్పిన. నాలుగు రోజులల్ల కావు, అయిదు పడుతయి. హెడ్మాస్టరు సారుకు, డ్రిల్లు సారుకు ఏం సంబంధం లేదు. డ్రిల్లు సారు మొదటి రోజే అయిదన్నడు. నేనే వినలే."

"ఎందుకు కావు?"

గప్పుడు ఆయన ముందటి బల్ల మీది చాయ గ్లాసులు అయిదు తీసుకొని, మొదటి అయిదు టీములని చెప్పి జతలు కట్టి, మిగిలింది చూపించిన. ఖాజా మియా దూరం నుంచి తలాడిస్తున్నడు, నా శిష్యుడు మంచిగనే ఒప్పజెప్తుండు అన్నట్టు. ఆఫీసరు ఆ మిగిలిన గ్లాసును చేతిల పట్టుకొని కొంచెంసేపు చూసిండు. తర్వాత మళ్ల నవ్వుడు మొదలుపెట్టిండు.

"సరే. ఇంత దూరం వచ్చి గెలిచినోన్ని చూడకుండ పోతె ఎట్ల? ఈ రాత్రికి గెస్ట్ హౌసుల ఉంట. రేపు మీకు ఆట ఉన్నదా?"

"బాసరతోని ఉన్నది సార్" అన్న ఏడుపు మొగంతోని.

"అయితె తప్పకుండ ఉంట."

శుక్రవారం పొద్దంత ఆయనకు పని లేకుండె. తోచక బడికి వచ్చిండు. తిరుగుకుంట తిరుగుకుంట రేకుల షెడ్డుల దూరి, పిల్లల నడుమ బల్ల మీద కూసున్నడు. పది నిమిషాలల్ల అంగి తడిసి వీపుకు అతుక్కున్నది. బయటికొచ్చి, నరహరి సారు అర్జీ అన్న మాట ఎత్తకముందే, "గదులెన్ని కావాలె?" అనడిగిండు. అంటె అర్థమైందా మీకు? నా లెక్క సరిగ ఉండి గురువారమే ఖతమైతె, ఆయన దండేసుకొని పోయేటోడు. ఈ మాట నేను హెడ్మాస్టరుకు మర్యాదగ విన్నవించిన. ఆయన నన్ను మర్యాదగ బయటికి పొమ్మన్నడు.

ఆ సాయంత్రం బాసర చేతిల గూడ ఓడి, అయిదుకు అయిదు ఓటముల రికార్డు మేం దక్కించుకున్నం. మందమర్రి గెలిచింది. బహుమతులు ఇచ్చినంక ఆఫీసరు మైకు కాడ నిలబడి, వచ్చే ఏడు గూడ పోటీలు పెట్టాలె, సిర్పూరును, ధర్మపురిని గూడ పిలిచి ఏడు టీములతోని ఆడియ్యాలె అన్నడు. అని, నా దిక్కు తిరిగిండు.

"లెక్కల సారూ, ఏడు టీములకు ఎన్ని రోజులు పడుతయి?"

మైదానం మొత్తం నా దిక్కే చూస్తున్నది. నేను కండ్లు మూసుకున్న. ఒక్కొక్కరికి ఆరాటలు. గని ఏడు బేసి సంఖ్య, రోజుకొకరు కూసుంటరు. ఏడుగురు కూసోవాలె. ఏడు రోజులు. ఒకసారి గాదు, మూడుసార్లు లెక్కేసిన. జన్మల మొదటిసారి తప్పు లేని మాట నా నోట్లెకెల్లి వచ్చింది:

"ఏడు రోజులు సార్."

ఆఫీసరు జేబుల నుంచి పెన్ను తీసిండు. గప్పుడు నరహరి సారు వంగి, ఆయన చెవుల చెప్పిండు. మెల్లగ చెప్పిన్ననుకున్నడు గని ముందట మైకు ఉన్నది, ఊరంత విన్నది.

"ఎనిమిది అని రాసుకోండ్రి సార్. మా పంతులు ఎంత చెప్పినా ఇంకొకటి కలుపుకోవాలె."

మందమర్రి మొత్తం రెండోసారి నవ్వింది. నేను ఆ బహుమతుల బల్ల పక్కనే నిలబడి, జేబులది చాక్‌పీసు మన్ను కొట్టుకున్న చేతిలకు తీసుకొని, అక్షరాల ప్రమాణం చేసుకున్న: గీసిన గీతలన్నిటికి రంగు పడకముందు ఇగ జన్మల నోరు తెరవ. ఆఖరి గీతకు రంగు పడ్డంక గూడ, తెరిచే ముందు ఒకసారి గట్టిగ మూస్త.